సూఫీ మార్గం అర్థం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

సూఫీ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి మూడే. తెల్ల గౌన్లు వేసుకుని గిరగిరా తిరిగే మనుషులు, ఖవ్వాలీ, పొద్దున్నే ఫోన్‌లో సూఫీ కవి రూమీ పేరుతో వచ్చే గుడ్ మార్నింగ్ కొటేషన్. నేనూ ఆ కొటేషన్ల దారినే వచ్చినవాణ్ణి కాబట్టి ఎవర్నీ ఎగతాళి చేయను గానీ, రెండు మూడేళ్లు అవి చదివాక కూడా ఎవరైనా "ఇంతకీ సూఫీ అంటే ఏంటి" అని అడిగితే "ప్రేమ" అని ఒక్క మాటనేసి నీళ్లు నమిలేవాణ్ణి. వాటిలో చాలావాటికి రూమీతో ఏ సంబంధమూ లేదని ఆ తర్వాత తెలిసింది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో వాటిలో సూఫీతత్వం అంత.

అందుకే ఇది రాస్తున్నా. సూఫీ మార్గం ఇస్లాం పక్కన పుట్టిన ఇంకో మతం కాదు, ఇస్లాంని పలచన చేసి అందరికీ నచ్చేలా తయారుచేసిన సరుకూ కాదు. ఇస్లాం లోపలే ఉన్న సాధన అది. నమాజు చేసే మనిషి ఆ నమాజులో తన మనసు ఎక్కడుందో చూసుకోవడం దగ్గర మొదలవుతుంది. ఈ ముక్క పట్టుకుని చదివితే మిగతావి వాటంతటవే దారిలో పడతాయి, ఇది వదిలేస్తే ఎన్ని పుస్తకాలు చదివినా కొటేషన్ల దగ్గరే ఆగిపోతాం.

ముందు ఒక హదీసు చదవండి

రూమీ, హల్లాజ్, ఇబ్న్ అరబీ, ఇలా పేరున్న సూఫీలందర్నీ కాసేపు పక్కన పెట్టి ముందు జిబ్రీల్ హదీసు చదవండి. హదీసు అంటే ప్రవక్త మాటల్నీ చేతల్నీ చెప్పే కథనం, జిబ్రీల్ అంటే దైవదూత. ఇది సహీహ్ ముస్లిం అనే హదీసుల సంకలనంలో ఉంది, చెప్పింది ప్రవక్త అనుచరుడు హజ్రత్ ఉమర్. ఒకరోజు ప్రవక్త ముహమ్మద్ దగ్గర అందరూ కూర్చుని ఉంటే ఓ మనిషి వచ్చాడు. బట్టలు తళతళలాడే తెలుపు, జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది, ప్రయాణం చేసొచ్చిన అలసటగానీ దుమ్ముగానీ ఒంటి మీద లేదు, అలాగని అక్కడున్న వాళ్లలో అతన్ని ఎరిగినవాళ్లూ లేరు. వచ్చి ప్రవక్త మోకాళ్లకి తన మోకాళ్లు ఆనించి కూర్చుని, ఇస్లాం అంటే ఏంటో చెప్పమన్నాడు. సాక్ష్యవచనం, నమాజు, జకాత్, రంజాన్ ఉపవాసాలు, హజ్ అని జవాబు. ఈమాన్ అంటే ఏంటన్నాడు. అల్లాహ్‌ని, ఆయన దూతల్ని, గ్రంథాల్ని, ప్రవక్తల్ని, అంతిమ దినాన్ని, విధిని నమ్మడం అని జవాబు. మూడోసారి, ఇహ్సాన్ అంటే ఏంటన్నాడు. అల్లాహ్‌ని నువ్వు చూస్తున్నట్టే ఆరాధించడం, నువ్వు ఆయన్ని చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తూనే ఉన్నాడు అని జవాబు.

ఆ మనిషి వెళ్లిపోయాక ప్రవక్త, వచ్చింది జిబ్రీల్, మీకు మీ ధర్మం నేర్పడానికి వచ్చాడు అని చెప్పారు. అంటే ఆ మూడూ కలిస్తేనే ధర్మం. మొదటిదాన్ని ధర్మశాస్త్రం చదివినవాళ్లు చూసుకున్నారు, రెండోదాన్ని విశ్వాసం గురించి వాదించే పండితులు చూసుకున్నారు, మూడోదాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లే సూఫీలు. "చూస్తున్నట్టే" అన్న ఆ మాటని బతుకులోకి తెచ్చుకోవడం ఎలా అన్నదే వాళ్ల ప్రశ్న. పదమూడు శతాబ్దాలుగా రాసిన పుస్తకాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

పేరు సంగతి త్వరగా చెప్పేస్తా. అరబ్బీలో దీన్ని తసవ్వుఫ్ అంటారు. సూఫ్ అంటే ఉన్ని. తొలినాళ్ల విరాగులు గరుకు ఉన్ని బట్టలు కట్టేవాళ్లు కాబట్టి సూఫీ అన్నారని ఎక్కువమంది ఒప్పుకుంటారు. సఫా అంటే శుద్ధి, అందులోంచి వచ్చిందని కొందరు, మదీనా మసీదు అరుగు మీద ఉండే నిరుపేద అనుచరుల పేరు నుంచి వచ్చిందని కొందరు అంటారు. వినడానికి బాగుంటాయి గానీ అరబ్బీ వ్యాకరణానికి అతికేది ఉన్నే.

అసలు గొడవంతా నఫ్స్‌తోనే

కొన్ని పదాలు నేర్చుకోక తప్పదు, అయితే నిఘంటువు బట్టీ పట్టక్కర్లేదు. ముందు నఫ్స్. మనలోని "నేను", కోరికల మూట. ఖుర్ఆన్‌లోనే దీనికి మూడు స్థితులు కనిపిస్తాయి. చెడు వైపు ఉసిగొల్పే నఫ్స్ ఒకటి, యూసుఫ్ కథలో వస్తుంది. తప్పు చేశాక తనను తానే తిట్టుకునే నఫ్స్ ఇంకొకటి. శాంతించిన నఫ్స్ మూడోది, దాన్ని దేవుడు తన దగ్గరికి తిరిగి రమ్మంటాడు. సూఫీ సాధన మొత్తం మొదటిదాన్నుంచి మూడోదాని దాకా నడక. చాలామందిమి రెండోదాని దగ్గర ఊగిసలాడుతుంటాం, పొద్దున తప్పు చేసి రాత్రి బాధపడి మళ్లీ పొద్దున్నే అదే తప్పు.

ఆ నడకలో మజిలీలున్నాయి, వాటిని మఖామ్‌లు అంటారు. 10వ శతాబ్దంలో సర్రాజ్ ఏడు చెప్పాడు: తౌబా అంటే తప్పు ఒప్పుకుని వెనక్కి తిరగడం, అనుమానం ఉన్నదానికి దూరంగా ఉండటం, లోకం మీద యావ తగ్గడం, లేమి, ఓర్పు, దేవుడి మీద భారం వేయడం, చివరికి ఆయన ఇచ్చినదానికి సంతృప్తి పడటం. వేరేవాళ్ల పట్టికల్లో ఇంకా ఎక్కువుంటాయి, ఆ లెక్క దగ్గర ఆగిపోకండి. ఇంకో పదం హాల్ ఉంది, దానికీ మఖామ్‌కీ తేడా మాత్రం ముఖ్యం. మఖామ్ శ్రమపడి సంపాదించుకునేది, హాల్ తనంతట తాను వచ్చి పోయేది, దేవుడు ఇస్తే వస్తుంది. ఖవ్వాలీ వింటూ కళ్లు చెమర్చినంత మాత్రాన మనం ఏదో మెట్టు ఎక్కేశామని అనుకోకూడదన్నమాట. నాకు ఈ తేడా తెలిశాక కొంచెం సిగ్గేసింది కూడా, అప్పటిదాకా కన్నీళ్లనే కొలతగా పెట్టుకుని ఉన్నా.

రెండోది జిక్ర్. అంటే తలుచుకోవడం. అల్లాహ్ పేరునో, "లా ఇలాహ ఇల్లల్లాహ్", అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడు, అనే వాక్యాన్నో మళ్లీ మళ్లీ అనడం, కొందరు పైకి, కొందరు పెదవి కదపకుండా. అల్లాహ్ స్మరణతోనే హృదయాలు నెమ్మదిస్తాయని ఖుర్ఆన్ 13వ అధ్యాయంలో ఉంది, సూఫీలు ఎప్పుడూ ఎత్తిచూపే వాక్యం అది. చదివితే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఒక జిక్ర్ సభలో వెనక వరసలో కూర్చునేదాకా.

నా చేతికి ముప్పై మూడు పూసల తస్బీహ్, అంటే జపమాల, ఇచ్చారు. ముందున్న పెద్దాయన నెమ్మదిగా మొదలుపెట్టాడు, ఊపిరి వదిలేటప్పుడు "లా ఇలాహ", పీల్చేటప్పుడు "ఇల్లల్లాహ్", అందరి ఊపిరీ ఒకే లయలో పడింది. నేను పక్కన ఊరికే పూసలు జరుపుతున్నా. పన్నెండో పూస దగ్గర ఆఫీసులో పంపాల్సిన మెయిల్ గుర్తొచ్చింది. అందులో ఏం రాయాలి, ఎవరిని కాపీలో పెట్టాలి అని మొత్తం డ్రాఫ్ట్ చేసేసి మళ్లీ ఈ లోకంలోకి వచ్చేసరికి ముప్పై పూసలు అయిపోయాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి, నేను మాత్రం అక్కడ లేను. బయటికొచ్చాక ఆ మాట చెబితే పెద్దాయన నవ్వి, దానికే గఫ్లత్ అని పేరు, అది కనబడింది కదా, ఇవాళ్టికి అది చాలు అన్నాడు. గఫ్లత్ అంటే మరపు, ఏమరుపాటు. జిక్ర్ ఎందుకో నాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. మరపు ఉందని తెలియాలంటే ముందు తలుచుకోవడానికి కూర్చోవాలి.

ఇంకో రెండు పదాలు: ఫనా, బఖా. ఫనా అంటే "నేను" కరిగిపోవడం, బఖా అంటే ఆ తర్వాత దేవుడితో నిలిచి ఉండటం. బయటివాళ్లకి మొదటిది బాగా నచ్చుతుంది, రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. కరిగిపోయినవాడు మళ్లీ లోకంలోకి వచ్చి, పెళ్లాం పిల్లల్ని చూసుకుంటూ, నమాజు టైముకి నమాజు చేస్తూ, మామూలు మనిషిలా ఉండటమే పెద్ద సంగతి. బాగ్దాద్ జునైద్, 910లో చనిపోయాడు, ఆయన దారిని "మత్తు లేని" దారి అంటారు, కారణం ఇదే. మా ఈ విద్య ఖుర్ఆన్‌కీ ప్రవక్త సున్నత్‌కీ, అంటే ఆయన నడిచి చూపిన పద్ధతికీ, కట్టుబడినది అని చెప్పినవాడూ ఆయనే. తర్వాతి సూఫీ గురుపరంపరలు ఎక్కువభాగం ఆయన్ని తమ గొలుసులో చెప్పుకుంటాయి.

అన్నట్టు, ఇక్కడే చాలామంది "ఇది మన అద్వైతమే కదా" అంటారు. ఇబ్న్ అరబీ, 1165లో అందలూసియాలో, అంటే అప్పటి ముస్లింల స్పెయిన్‌లో, పుట్టి 1240లో డమాస్కస్‌లో చనిపోయినాయన, ఆయన ఆలోచనలకి తర్వాతివాళ్లు వహ్దతుల్ వుజూద్ అని పేరు పెట్టారు, ఉనికి ఒక్కటే అని. పైకి దగ్గరగానే కనిపిస్తుంది. అయితే సూఫీల్లోనే దీన్ని ఒప్పుకోనివాళ్లున్నారు, 1624లో చనిపోయిన షేక్ అహ్మద్ సర్హిందీ అలాంటివాడే, ఆ స్థితిలో అన్నీ ఒక్కటిగా కనిపించడం నిజమే గానీ దాసుడు దాసుడే, దేవుడు దేవుడే అన్నాడు. రెండింటినీ పోల్చుకోండి, తప్పులేదు. రెండూ ఒక్కటే అని ముందే తీర్పు ఇచ్చేసుకుని చదవడం మొదలుపెడితే మాత్రం కొత్తగా ఏమీ తెలియదు.

ఎవరి కథతో మొదలుపెట్టాలి

అందరూ హల్లాజ్‌తో మొదలుపెడతారు. "అనల్ హఖ్" అన్నాడు, నేనే సత్యం అని, 922లో బాగ్దాద్‌లో చంపేశారు. కథలో కావాల్సినంత నాటకం ఉంది. ఆ శిక్ష వెనక ఆ మాటొక్కటే కాదు, అప్పటి దర్బారు రాజకీయాలూ ఉన్నాయి. కానీ ఇదే మొదటి కథ అయితే సూఫీ అంటే మతపెద్దల మీద తిరుగుబాటు చేసేవాడని మనసులో పడిపోతుంది, తర్వాత దాన్ని తీసేయడం కష్టం.

నన్నడిగితే గజాలీతో మొదలుపెట్టండి. 1058లో పుట్టాడు, బాగ్దాద్ నిజామియా మదరసాలో 1091 నుంచి ఆచార్యుడు, ఆ రోజుల్లో అంతకంటే పెద్ద ఉద్యోగం లేదు. వందల మంది శిష్యులు. సూఫీల పుస్తకాలన్నీ చదివేశాడు, అర్థమైపోయాయి, అయినా ఏదో తేడా. ఆయన పోలిక ఇది: ఆరోగ్యం అంటే ఏంటో నిర్వచనం తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. మత్తుకి కారణం చెప్పగల వైద్యుడు మత్తులో లేడు, మత్తులో ఉన్నవాడికి నిర్వచనం రాదు. తాను చెబుతున్న పాఠాలు దేవుడి కోసమా పేరు కోసమా అని తనను తాను అడుక్కుంటే పేరు కోసమే అని తేలింది. 1095లో ఆర్నెల్లు ఉందామా వెళ్దామా అని నలిగిపోయాడు. ఒకరోజు పాఠం చెప్పడానికి కూర్చుంటే నాలుక తిరగలేదు, ఒక్క మాట రాలేదు. ముద్ద దిగలేదు. వైద్యులు ఇది మనసుకి పట్టిన జబ్బు, మా చేతుల్లో లేదన్నారు. చివరికి మక్కా వెళ్తున్నానని చెప్పి, కుటుంబానికి సరిపడా ఉంచి మిగతా డబ్బంతా పంచేసి, డమాస్కస్ వెళ్లి అక్కడి పెద్ద మసీదు మీనారులో తలుపు వేసుకుని రోజుల తరబడి కూర్చున్నాడు.

ఈ కథలో సూఫీ మార్గం మొత్తం ఉంది. ఆయన షరీఅత్‌ని, అంటే ఇస్లాం ధర్మశాస్త్రాన్ని, వదల్లేదు, తర్వాత రాసిన ఇహ్యా అనే పెద్ద గ్రంథంలో నమాజు, దానికి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ, భోజనం, వ్యాపారం దగ్గర్నుంచి గర్వం, అసూయ, మరణం దాకా అన్నీ పెట్టాడు. కానీ అన్నింట్లోనూ లోపల ఏం జరుగుతోందన్నదే చూశాడు. షరీఅత్, తరీఖత్, హఖీఖత్ అని సూఫీలు వరసగా చెబుతారు కదా, చట్టం, దారి, సత్యం. పై పెంకు పగలగొట్టి పారేస్తే గింజ పండదు, పెంకు దగ్గరే ఆగిపోతే గింజ రుచి తెలియదు, ఆ మూడింటి సంబంధం ఇలాంటిది.

గజాలీ తర్వాత రాబియా దగ్గరికి వెళ్లండి. 8వ శతాబ్దం, బస్రా. నరకభయంతోనో స్వర్గం మీద ఆశతోనో కాకుండా దేవుడి కోసమే దేవుణ్ణి కొలవాలన్న మాట ఆమె పేరుతోనే నిలిచిపోయింది. ఆమె గురించిన కథలు చాలావరకు ఆమె పోయిన శతాబ్దాల తర్వాత రాసినవి, అది మనసులో ఉంచుకుని చదవండి. ఆ తర్వాత మీ ఇష్టం.

తరీఖాలు, కవిత్వం, సమా

12వ శతాబ్దం నుంచి సూఫీ గురువుల చుట్టూ పద్ధతులు గట్టిపడి తరీఖాలు అయ్యాయి. గురువు ముర్షిద్ లేదా పీర్, శిష్యుడు మురీదు, చేతిలో చెయ్యి వేసి చేసే ప్రమాణం బైఅత్, గురువు నుంచి గురువుకి ప్రవక్త దాకా వెళ్లే గొలుసు సిల్సిలా. 1166లో చనిపోయిన బాగ్దాద్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ పేరు మీద ఖాదిరీలు, అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్‌తో హిందుస్తాన్‌లో పాతుకున్న చిష్తీలు, బుఖారా బహావుద్దీన్ పేరు మీద నఖ్ష్‌బందీలు, ఉత్తర ఆఫ్రికా షాజిలీలు. అన్నిట్లో తేడాలున్నాయి. చిష్తీలు సంగీతం వింటారు, రాజుల డబ్బుకి దూరంగా ఉండాలంటారు. ఢిల్లీ నిజాముద్దీన్ ఔలియా, సుల్తాను ఒక తలుపులోంచి వస్తే నేను ఇంకో తలుపులోంచి పోతాను అన్నాడని చెబుతారు. నఖ్ష్‌బందీలు ఎక్కువగా మౌనంగా జిక్ర్ చేస్తారు, "జనంలోనే ఏకాంతం" వాళ్ల సూత్రాల్లో ఒకటి. బస్సులో నిలబడి కూడా చేసుకోగలిగిన సాధన అది, నాకు చాలా నచ్చింది.

కవిత్వానికి వద్దాం. రూమీ 1207లో పుట్టి 1273లో కొన్యాలో చనిపోయాడు. ఆయన మదరసాలో ధర్మశాస్త్రం చెప్పే పండితుడు, పండితుడి కొడుకు, 1244లో షమ్స్ తబ్రీజీ ఎదురయ్యేదాకా బతుకు అలాగే గడిచింది. మస్నవీలో పాతిక వేల దాకా ద్విపదలుంటాయి, రెల్లు పొదలోంచి కోసుకొచ్చిన వేణువు తన విరహం చెప్పుకోవడంతో మొదలవుతుంది, ఆ తర్వాత పుటపుటకీ ఖుర్ఆన్ వాక్యాలూ హదీసులూ కనిపిస్తూనే ఉంటాయి. చాలా అనువాదాల్లో వాటిని పీకేసి ప్రేమ ఒక్కటే మిగిల్చారు. కాబట్టి ఏదైనా అనువాదం కొనేముందు మధ్యలో ఓ పది పేజీలు తిరగేయండి, అల్లాహ్ పేరుగానీ ఒక్క ప్రవక్త కథగానీ కనబడకపోతే అది రూమీ కాదు, రూమీ వాసన తగిలించిన ఇంకేదో. ఇక ఈ కవిత్వంలో మధువు అంటే దైవప్రేమ, మధుశాల అంటే గురువు సన్నిధి లేదా ఆ ప్రేమ దొరికే చోటు, ప్రియుడు అంటే దేవుడు లేదా ఆయన వెలుగు కనబడిన మనిషి. అయితే ప్రతి మధుపాత్రనీ ఇలా అనువదించేస్తే పద్యం చచ్చిపోతుంది, కొన్నిచోట్ల కవి కావాలనే రెండు అర్థాలూ ఉంచుతాడు.

రూమీ పేరు మీద నడిచే మౌలవీ తరీఖా వాళ్ల సమా, అంటే సంగీతం వింటూ గిరగిరా తిరిగే సాధన, చూసే అవకాశం వస్తే తిరగడం ఒక్కటే చూడకండి. తల మీది పొడవాటి గోధుమరంగు టోపీ నఫ్స్ సమాధి రాయి, తెల్ల గౌను దాని కఫన్, అంటే శవానికి చుట్టే గుడ్డ, మొదట్లో కప్పుకుని తర్వాత విడిచిపెట్టే నల్ల దుప్పటి దాని సమాధి. కుడి అరచేయి పైకి, ఎడమ అరచేయి కిందికి, పైనుంచి తీసుకున్నది తన దగ్గర ఉంచుకోకుండా కిందికి పంచేయడం. తన అంత్యక్రియలు తానే చేసుకుంటున్న మనిషి అతను. 1925లో టర్కీ ప్రభుత్వం సూఫీ మఠాలన్నీ మూసేసింది, సమా చాలాకాలం తర్వాత మళ్లీ బయటికొచ్చింది, ఇప్పుడు ఎక్కువగా టికెట్ కొనుక్కుని చూసే ప్రదర్శన. రూమీ చనిపోయిన డిసెంబర్ 17ని "పెళ్లి రాత్రి" అంటారు. ఉర్సు అన్న మాటకీ అర్థం పెళ్లే. మరణం అంటే ప్రియుణ్ణి కలవడం కాబట్టి.

దర్గాల దగ్గర వాదన

ఇది దాటేస్తే మోసం చేసినట్టవుతుంది. ఔలియాల, అంటే దేవుడికి దగ్గరైనవాళ్లుగా పేరొందిన వలీల, సమాధుల దగ్గరికి వెళ్లి మొక్కుకోవడం ముస్లింలందరూ ఒప్పుకునేది కాదు. అడగాల్సింది అల్లాహ్‌నే, సమాధిలో ఉన్నవాణ్ణి అడిగితే అది షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించడం అంటారు ఒక వర్గం వాళ్లు. మేం వలీని పూజించడం లేదు, ఆయన్ని మధ్యవర్తిగా పెట్టుకుని అల్లాహ్‌నే అడుగుతున్నాం అంటారు ఇంకో వర్గం. 1328లో చనిపోయిన ఇబ్న్ తైమియా ఈ పద్ధతుల్ని గట్టిగా విమర్శించాడు, ఇబ్న్ అరబీనీ వదల్లేదు, అయినా జీలానీ లాంటి సూఫీల గురించి గౌరవంగా రాశాడు. అంటే ఆయన గొడవ కొన్ని పద్ధతులతో, మనసు శుద్ధి చేసుకోవడంతో కాదు. సూఫీలు మంచివాళ్లు, వాళ్లని తప్పుపట్టేవాళ్లు చెడ్డవాళ్లు అని రెండు ముక్కలు చేసుకుని చదివితే ఈ వాదన అర్థం కాదు. గజాలీ కూడా తన కాలంలో సూఫీ వేషం వేసుకుని తిరిగేవాళ్లని బాగానే ఉతికాడు.

దిగి చూడాలనుకుంటే

చదివి ఊరుకోవడం కాకుండా నిజంగా ఈ దారిలో నడవాలనుకునేవాళ్లకి సూఫీలు చెప్పేది ఒకటే, ఒంటరిగా నడవొద్దు, ముర్షిద్‌ని వెతుక్కో. అయితే ముర్షిద్ అన్న ప్రతివాడి చేతిలో చెయ్యి వేయకండి. సిల్సిలా ఏంటని అడగండి, చెప్పడానికి చిరాకుపడితే లేచి వచ్చేయండి. నమాజు, ఉపవాసం నాకు అక్కర్లేదు, నేను ఆ స్థాయి దాటేశాను అనేవాడి దగ్గర్నుంచి ఇంకా వేగంగా వచ్చేయండి, ఎందుకంటే జునైద్ దాటలేదు, గజాలీ దాటలేదు. డబ్బు దగ్గర, ఆడవాళ్ల దగ్గర అతని నడవడి ఎలా ఉందో చూడండి. మహిమల గురించి అదేపనిగా మాట్లాడుతుంటే అనుమానించండి. పాత సూఫీలు మహిమ జరిగినా దాచుకునేవాళ్లు, అది కూడా నఫ్స్‌కి మేతే అని. తొందరేం లేదు, ఏడాది పాటు వెళ్లి వెనక వరసలో కూర్చుని వచ్చినా ఎవరూ ఏమీ అనరు. ఎవరైనా ఏమన్నా అంటే, అదీ ఒక సమాధానమే.

ముర్షిద్ దొరికేలోపు ఎవరైనా చేసుకోగలిగినది ముహాసబా. లెక్క చూసుకోవడం. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు, ఇవాళ ఎవరితో ఏం మాట్లాడాను, అందులో ఏది దేవుడి కోసం, ఏది నలుగురూ మెచ్చుకోవాలని, అంతే. ముస్లిం అయితే రాత్రి చేసే ఇషా నమాజు తర్వాత కూర్చోవచ్చు, కాకపోయినా కూర్చోవచ్చు. మొదటి వారం జాబితా చిన్నగానే ఉంటుంది. చూడటం అలవాటయ్యేకొద్దీ పెరుగుతుంది. అలా పెరుగుతుంటే కంగారు పడకండి, నా పన్నెండో పూస లాంటిదే అది కూడా.